రాత్రి రెండు గంటల ఫోనుకు ఏ కార్డు పనికొస్తుంది? ఐఎస్‌బార్, న్యూస్-2, సర్జికల్ చెక్‌లిస్టు రివ్యూ

నెల్లూరు పొగతోటలో ముప్పై పడకల నర్సింగ్ హోం ఒకటి తీసుకుని, ఒక్క రోగి చుట్టూ ఎంతమంది తిరుగుతారో లెక్కేయండి. పెద్ద డాక్టరు, డ్యూటీ డాక్టరు, షిఫ్టుకొక సిస్టరు, మత్తు డాక్టరు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, ఫిజియో, ఆరోగ్యమిత్ర, ఆయమ్మ. ఒక్కొక్కరిదీ ఒక్కో చదువు. అదే రోగిని ఒకరు "స్టేబుల్" అంటారు, ఒకరు "పర్లేదు" అంటారు, ఇంకొకరు "కొంచెం డల్‌గా ఉన్నాడు" అంటారు. ఈ మూడూ ఒకటేనా అని ఎవరూ అడగరు. అడగాల్సిన పని లేకుండా అందరి నోటా ఒకే మాట పలికించడానికి తయారైన సాధనాలు కొన్ని ఉన్నాయి. అన్నీ ఉచితమే, ఖర్చు ప్రింటింగుకే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల చిన్న ఆసుపత్రుల్లో, సీహెచ్‌సీల్లో వాటిలో ఏది నిలబడుతుందో, ఏది ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పడానికే ఈ రివ్యూ.

ముందే చెప్పేస్తాం. ఒక్కటే పెట్టుకోగలిగితే, ఫోన్లో రోగి సంగతి వరుసగా చెప్పించే ఐఎస్‌బార్ కార్డు పెట్టుకోండి. రెండోది, రోగి ఎంత సీరియస్‌గా ఉన్నాడో ఒక అంకెలో చెప్పే న్యూస్-2 చార్టు. ఈ రెండూ జోడెద్దుల్లాంటివి, విడివిడిగా కడితే బండి సరిగ్గా నడవదు. ఆపరేషన్లు జరిగేచోట సర్జికల్ చెక్‌లిస్టు తప్పదు. మిగతావి తర్వాత.

ఐఎస్‌బార్‌కు మూలం ఎస్‌బార్. అది అమెరికా నౌకాదళంలో, అణు జలాంతర్గాముల్లో కబురు క్లుప్తంగా వరుసగా చెప్పే పద్ధతి. 2000 దశకం మొదట్లో అమెరికాలోని కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ వాళ్లు దాన్ని వైద్యానికి తెచ్చారు. తర్వాత ముందు 'ఐ' చేరింది. ఐ అంటే నేనెవరు, ఏ రోగి గురించి. ఎస్ అంటే ఇప్పుడేమైంది. బి అంటే వెనక సంగతి. ఏ అంటే నాకేమనిపిస్తోంది. ఆర్ అంటే ఏం కావాలి, ఏం చేద్దాం. అంతే. అరచేతిలో పట్టే కార్డు.

కార్డు చూసి రాత్రి రెండింటికి సిస్టరు చేయాల్సిన ఫోను ఇట్టా ఉండాలి:

"సార్, మూడో ఫ్లోర్ మేల్ వార్డ్ సిస్టర్‌ని. 12వ బెడ్ పెంచలయ్య, ఐపీ నంబరు చివర 417. న్యూస్ స్కోరు 8 సార్, పది గంటలకు 4 ఉన్నింది. నిన్న సాయంత్రం న్యుమోనియాతో చేరాడు, షుగర్ ఉంది, సెఫ్ట్రియాక్సోన్ రెండు డోసులు పడ్డాయి. ఇన్ఫెక్షన్ ముదురుతోందని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్. వచ్చేలోపు ఆక్సిజన్ పెట్టి, ల్యాక్టేట్‌కి శాంపిల్ పంపనా?"

నిమిషం పట్టదు. బెడ్ నంబరుతో పాటు పేరు, ఐపీ నంబరు ఎందుకంటే, సాయంత్రం బెడ్లు మారతాయి. పైగా నెల్లూరులో ఒకే వార్డులో ఇద్దరు పెంచలయ్యలు, మార్కాపురం వైపు ఇద్దరు చెన్నకేశవులు ఉండటం వింతేమీ కాదు. 'ఐ' అక్షరాన్ని దాటేసేవాళ్లు ఎక్కువ. ఫోన్లో నంబరు సేవ్ అయి ఉంది కదా, సార్‌కి తెలుస్తుందిలే అనుకుంటారు. ఫోన్ చేసింది ఏ ఫ్లోర్ నుంచో నిద్రలో ఉన్న మనిషికి తట్టదు.

అసలు చిక్కు చివరి అక్షరం దగ్గర. ఎస్, బి, ఏ మూడూ వారం రోజుల్లో వస్తాయి. ఆర్ నెలలు గడిచినా రాదు. "ఏం చేయమంటారు సార్?" అని ఆగిపోతారు. అది ఆర్ కాదు. సిస్టరు మనసులో ఉన్న ఆలోచన అక్కడే మిగిలిపోతుంది, నిద్రమత్తులో ఉన్న డాక్టరు "పారాసిటమాల్ వెయ్యి, పొద్దున చూద్దాం" అని పెట్టేస్తాడు. డాక్టరుకు సలహా చెప్పడం ఏమిటన్న జంకే దీనికి మూలం. ఇంగ్లిష్ కార్డులో 'రికమెండేషన్' అన్న మాట ఆ జంకును ఇంకా పెంచుతుంది. అది పెద్దవాళ్లు చేసే పనిలా వినిపిస్తుంది.

తెలుగులో దీనికి ఇంత కష్టపడాల్సిన పని లేదు. "పెట్టనా, పంపనా, ఆపనా, మార్చనా" అన్న రూపం మనకు పుట్టుకతో వచ్చిందే. ఆ చిన్న 'నా'లో ప్రతిపాదన పూర్తిగా ఉంటుంది, అణకువా ఉంటుంది. "డ్రిప్ ఆపనా సార్?" అంటే ఏం చేయాలో సిస్టరు చెప్పేసినట్టే, అయినా ఎవరి పెద్దరికమూ తగ్గలేదు. కాబట్టి కార్డు మీద ఆర్ పక్కన 'రికమెండేషన్' తీసేసి "చేయనా?" అని అచ్చు వేయించండి. దాని కింద ఇంకో వరుస: "మీరు వచ్చి చూడాలి, ఎప్పటిలోగా". ఇక్కడ మాత్రం 'వస్తే బాగుంటుంది' వద్దు. అది మర్యాద మాట, రాకపోయినా పర్లేదన్న అర్థం అందులోనే దాగి ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు తెచ్చుకుంటే ఈ కార్డుకు మా లెక్కలో అయిదుకు మూడు. ఈ ఒక్క మార్పుతో నాలుగున్నర.

ఆ మిగతా అర మార్కు రీడ్‌బ్యాక్ కోసం పట్టుకున్నాం. ఫోన్లో చెప్పిన ఆర్డరును రాసుకుని, రాసింది తిరిగి చదివి, అవతలివాళ్లు 'కరెక్ట్' అన్నాకే ఫోన్ పెట్టాలి. ఐఎస్‌బార్ కార్డులో చాలావాటికి ఈ గడి లేదు. "ఆ సార్, సరే సార్" అన్నది రీడ్‌బ్యాక్ కాదు. అంకెల దగ్గర తిరిగి చదవకపోవడం ప్రాణాంతకం. ఇంగ్లిష్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకలాగే వినిపిస్తాయని అందరికీ తెలుసు. తెలుగులో చెబితే పదిహేను, యాభై కలవవు, మంచిదే. కానీ ఇరవై, అరవై కలుస్తాయి. సిగ్నల్ సరిగా లేని ఫోన్లో, పక్కన జనరేటర్ మోగుతుంటే మొదటి అక్షరం వినిపించకుండా పోతుంది. అందుకే రెండు భాషల్లోనూ చెప్పించండి: "ఇరవై, టూ జీరో".

ఇక న్యూస్-2. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో న్యూస్ తెచ్చింది, 2017లో దాన్ని సవరించి న్యూస్-2 చేసింది. ఊపిరి వేగం, ఆక్సిజన్ శాతం, బయటి ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, నాడి, స్పృహ, జ్వరం. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు, ఆక్సిజన్ పెట్టి ఉంటే నేరుగా 2. మొత్తం 5 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరు త్వరగా రావాలి, 7 గానీ అంతకు మించి గానీ ఉంటే ఎమర్జెన్సీ. ఏ ఒక్కదానికి 3 వచ్చినా డాక్టరుకు చెప్పాల్సిందే.

పైన చెప్పిన పెంచలయ్య అంకెలే చూడండి. ఊపిరి నిమిషానికి 24, దానికి 2. ఆక్సిజన్ 93, దానికి 2. పై బీపీ 104, దానికి 1. నాడి 116, దానికి 2. జ్వరం 101.4, దానికి 1. స్పృహ బాగుంది, 0. విడివిడిగా ఫోన్లో చెబితే ఏ అంకె విన్నా ఎవరూ మంచం దిగరు. కలిపితే 8. ఈ చార్టు గొప్పతనం ఇదే. డీఎం చదివిన కార్డియాలజిస్టుకైనా, జీఎన్‌ఎం చదివిన సిస్టరుకైనా, ఫిజియోకైనా 8 అంటే 8. 'డల్‌గా ఉన్నాడు' అనే మాట మీద వాదన జరగొచ్చు, 8 మీద జరగదు.

ఇప్పుడు ఆక్సిజన్ పెట్టారు, 97కి ఎక్కింది. స్కోరు ఎంత? ఆక్సిజన్ శాతానికి 0 అయింది, బయటి ఆక్సిజన్ ఉన్నందుకు 2 చేరింది. అదే 8. ఈ 2 కలపడం మరిచిపోయి "6కి దిగింది సార్, మెరుగు" అని చెప్పడం చాలా వార్డుల్లో జరిగే పొరపాటు.

లోపాలు మూడు, మూడూ మన దగ్గరివే. చార్టు సెల్సియస్‌లో ఉంటుంది, మన థర్మామీటర్లు, మన నాలుకలు ఫారెన్‌హీట్‌లో. చార్టును మార్చకండి. పక్కన గోడకు పట్టిక అంటించండి: 35 అంటే 95, 36 అంటే 96.8, 38 అంటే 100.4, 39 అంటే 102.2. రెండోది ఊపిరి లెక్క. కేస్ షీట్లు తిరగేస్తే వార్డంతా నిమిషానికి 20 ఊపిర్లే కనిపిస్తాయి. ఎవరూ లెక్కపెట్టడం లేదన్నమాట. న్యూస్-2లో 20కి 0, 21కి 2. ఆ ఒక్క ఊపిరిలో రెండు మార్కులు పోతాయి. గడియారం చూస్తూ అరవై సెకన్లు పూర్తిగా లెక్కపెట్టాలి, రోగికి 'ఊపిరి లెక్కపెడుతున్నా' అని చెప్పకుండా, నాడి పట్టుకున్నట్టే ఉండి లెక్కపెట్టాలి. మూడోది జిరాక్స్. చార్టులో రంగులే హెచ్చరిక. దాన్ని రంగుల్లోనే, ఉన్నది ఉన్నట్టే అచ్చు వేయాలని రాయల్ కాలేజ్ చెబుతోంది. నలుపు తెలుపు జిరాక్స్ తీస్తే మిగిలేది ఒట్టి గళ్ల కాగితం.

పదహారేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఈ చార్టు వాడకూడదు. బీడీ పొగకో, కట్టెల పొయ్యి పొగకో ఊపిరితిత్తులు దెబ్బతిని కార్బన్ డయాక్సైడ్ పేరుకునే సీఓపీడీ రోగికి రెండో స్కేలు ఉంది, అక్కడ లక్ష్యం 88 నుంచి 92. ఆ స్కేలు వాడమని డాక్టరే నిర్ణయించి రాయాలి. ఇంకో సంగతి: 5, ఆపైన ఉన్నవాళ్లను కనీసం గంటకొకసారి చూడాలంటుంది చార్టు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఇరవై మందికి ఒక్క సిస్టరు ఉన్నచోట అది అందరికీ సాగదు. అందుకని 5, ఆపైన ఉన్నవాళ్లను సాయంత్రమే నర్సింగ్ స్టేషన్ ఎదుటి బెడ్లకు మార్చేయడం మేలు. అలాగే చార్టు అడుగున ఎవరు రావాలో రాసి ఉండాలి. '5కి డ్యూటీ డాక్టరు, 7కి పెద్ద డాక్టరుకు ఫోను, ఐసీయూ బెడ్' అని. అది రాయని చార్టు గంట కొడుతుంది గానీ తలుపు తీసేవాళ్లు ఉండరు.

సర్జికల్ చెక్‌లిస్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చింది. 19 అంశాలు, మూడు ఆగుళ్లు. మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి థియేటర్ దాటే ముందు. అమెరికా సర్జన్ అతుల్ గావండే బృందం న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించింది. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. అయితే 2014లో కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల లెక్క చూస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. కాగితం అదే, ఫలితం మాత్రం అదే కాదు. పొగతోటలోనైనా ఒంగోలులోనైనా ఏ థియేటర్లో నిలబడి చూసినా కారణం అర్థమవుతుంది. కేసు అయిపోయాక, ఫైల్ కట్టేటప్పుడు మూడు గడులూ ఒకేసారి టిక్ పెడితే అది చెక్‌లిస్టు కాదు, రికార్డు.

ఇక్కడి థియేటర్లకు ప్రత్యేకమైన ఇబ్బంది మత్తు డాక్టరు. పొద్దుటి పూటే రెండు మూడు ఆసుపత్రులు తిరుగుతారు. వచ్చేసరికి రోగి టేబుల్ మీద ఉంటాడు, సర్జన్ చేతులు కడుక్కుని ఉంటాడు. మొదటి ఆగుడు అక్కడే ఎగిరిపోతుంది. విరుగుడు ఒకటే: చెక్‌లిస్టు చదివేది సర్జనో మత్తు డాక్టరో కాకుండా, థియేటర్లో తిరుగుతూ సామాను అందించే సర్క్యులేటింగ్ నర్సు కావాలి, ఆవిడ గట్టిగా చదివి జవాబు వినేదాకా బ్లేడు అందించకూడదని సర్జనే స్వయంగా చెప్పి ఉండాలి. కోతకు ముందు పేరు, పని చెప్పుకునే అంశాన్ని 'అందరం తెలిసినవాళ్లమే' అని వదిలేస్తారు. ఆ రోజే చేరిన థియేటర్ టెక్నీషియన్ ఎవరికీ తెలియడు, రక్తం అద్దే గుడ్డ (మాప్) ఒకటి తక్కువైందని ముందు గమనించేది బహుశా అతనే. ఒకసారి పేరు చెప్పుకున్న మనిషి రెండోసారి నోరు తెరవడం తేలిక. యాంటీబయాటిక్ కోతకు ముందు 60 నిమిషాల్లోపు పడాలి. వార్డులోనే వేసి పంపేస్తే, మత్తు డాక్టరు ఆలస్యమైన రోజున ఆ గంట దాటిపోతుంది.

నోరు తెరవడం అన్నాం కాబట్టి టీమ్‌స్టెప్స్ గురించి. అమెరికా రక్షణ శాఖ, అక్కడి ఆరోగ్య పరిశోధనా సంస్థ ఏహెచ్‌ఆర్‌క్యూ కలిసి 2006లో విడుదల చేసిన శిక్షణ ఇది, 2023లో మూడో కూర్పు వచ్చింది. మొత్తం నేర్పించాలంటే రోజులు పడుతుంది, మన నర్సింగ్ హోంలు సిబ్బందిని అన్నాళ్లు వదలవు. అందులోంచి 'కస్' ఒక్కటి తీసుకోండి. ఆందోళన, ఇబ్బంది, ప్రమాదం అనే మూడు మెట్లు. ఇంగ్లిష్ వాక్యాలు బట్టీ పట్టిస్తే ఎవరూ పలకరు. తెలుగులో ఇలా పలుకుతారు: "సార్, నాకు అనుమానంగా ఉంది." వినకపోతే, "సార్, ఇది వేయాలంటే నాకు ధైర్యం చాలడం లేదు." అప్పటికీ వినకపోతే, "సార్, పేషెంటుకు ప్రమాదం, ఆపండి." మూడో మాట విన్నాక ఎంతటివారైనా చెయ్యి ఆపి వినాలి. ఆ ఒప్పందం యాజమాన్యం ముందుగానే, అందరి ఎదుట, పెద్ద డాక్టర్ల నోటితోనే చెప్పించాలి. అది లేకుండా సిస్టర్లకు మాత్రమే కస్ నేర్పడం వాళ్లను ఒంటరిగా ముందుకు నెట్టడమే.

షిఫ్టు మారేటప్పుడు డాక్టర్ల మధ్య అప్పగింతకు ఐ-పాస్ ఉంది. 2014లో తొమ్మిది ఆసుపత్రుల అధ్యయనంలో వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయి. ఐసీయూ ఉన్నచోట మంచిదే, చిన్న వార్డుకు ఐఎస్‌బార్ చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నాటి వృత్తుల మధ్య సహకార చట్రం కాలేజీలో పాఠం చెప్పేవాళ్లకు, వార్డుకు కాదు.

ఐసీఎఫ్ సంగతి వేరు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన ఈ వర్గీకరణ జబ్బు పేరుతో కాకుండా మనిషి ఏం చేయగలుగుతున్నాడన్న దానితో మొదలవుతుంది. పక్షవాతం వచ్చిన రోగిని న్యూరో డాక్టరు 'పవర్ 3' అంటారు, ఫిజియో 'గెయిట్ ట్రైనింగ్' అంటారు, ఇంట్లోవాళ్లు అడిగేది "బాత్రూంకు తానే పోతాడా?" అని. ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టే భాష ఐసీఎఫ్‌ది. కండ బలానికి బీ730, నడకకు డీ450, బట్టలు వేసుకోవడానికి డీ540. కోడ్లు వందల కొద్దీ ఉన్నాయి, అవి చిన్న ఆసుపత్రిలో ఎవరూ రాయరు, రాయనక్కర్లేదు. కానీ అందులో ఒక విభజన బంగారం: చేయగలిగే శక్తి వేరు, ఉన్నచోట నిజంగా చేస్తున్నది వేరు. ఫిజియో గదిలో నున్నటి నేల మీద ఇరవై మీటర్లు నడిచిన మనిషి, ఉదయగిరి దగ్గర పల్లెలో ఎత్తరుగు, గడప, పెరట్లో కింద కూర్చునే దొడ్డి ఉన్న ఇంట్లో నడవలేడు. డిశ్చార్జి కాగితంలో రెండు గడులు పెట్టండి: 'ఇక్కడ', 'ఇంట్లో'. కోడ్లు వదిలేయండి.

ఏ కార్డులోనూ సరిగా లేనివి రెండున్నాయి. ఒకటి రోగి సొంత మాట. "గ్యాస్ పట్టేసింది" అని ముసలాయన అంటే రిసెప్షన్‌లో 'గ్యాస్' అని రాస్తారు, సిస్టరు 'గ్యాస్ట్రైటిస్' అంటుంది, డ్యూటీ డాక్టరు పాంటాప్రజోల్ ఇంజెక్షన్ రాస్తాడు. ఆయన మొదట అన్న పూర్తి మాట "ఎదలో గ్యాస్ పట్టేసి చెమటలు పోశాయి" అని. ఛాతీ ఇబ్బందితో వచ్చినవారికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. ఆ 'చెమటలు' అన్న మాట దారిలో రాలిపోతే ఈసీజీ కూడా రాలిపోతుంది. 'నిమ్ము' కూడా అంతే, జలుబు నుంచి న్యుమోనియా దాకా అన్నిటికీ అదే మాట. 'ఎస్' గడిలో మొదటి వరుస రోగి మాట తెలుగులో, అన్నది అన్నట్టు రాయించండి.

రెండోది మందుల కొలత. ఇన్సులిన్ వయల్ మిల్లీలీటరుకు 40 యూనిట్లదీ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. సిరంజీలూ రెండు రకాలే, ఎర్ర మూత 40ది, నారింజ మూత 100ది. డాక్టరు యూనిట్లు అంటారు, రోగి 'పాయింట్లు' అంటాడు. 100 వయల్ ఇచ్చి 40 సిరంజీ అమ్మితే, 20 పాయింట్లు ఎక్కించుకున్నాననుకున్న మనిషి ఒంట్లోకి 50 యూనిట్లు పోతాయి. ఫార్మసిస్టును ఐఎస్‌బార్ వలయంలోకి తీసుకురావాల్సింది ఇక్కడే. ప్రిస్క్రిప్షన్‌లో వయల్ రకం రాయాలి, షాపులో వయల్, సిరంజీ పక్కపక్కన పెట్టి చూపించాలి.

రెఫరల్ స్లిప్పుకైతే ఐఎస్‌బార్ కన్నా మించినది మాకు కనిపించలేదు. కనిగిరి నుంచి ఒంగోలుకు, ఉదయగిరి నుంచి నెల్లూరుకు 108లో వచ్చే కాగితాల మీద ఎక్కువగా ఉండేది "రిఫర్డ్ టు హయ్యర్ సెంటర్ ఫర్ బెటర్ మేనేజ్‌మెంట్" అన్న ఒక్క ముక్క. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన గర్భిణి విషయంలో ఆ ముక్క ఎందుకూ కొరగాదు. పీహెచ్‌సీలో ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు పడిందా? 50 శాతం యాంపూల్ 2 మిల్లీలీటర్లకు 1 గ్రాము, పిరుదుకు అయిదు చొప్పున పది యాంపూళ్లు. పడితే ఎన్ని గంటలకు? నరంలోకి 4 గ్రాములు కూడా ఇచ్చారా? తర్వాతి 5 గ్రాములు నాలుగు గంటలు గడిచాక. అది వేసే ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉండాలి, ఊపిరి నిమిషానికి 16కు తగ్గకూడదు, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. టైము రాయకపోతే పెద్దాసుపత్రిలో మళ్లీ మొదటి నుంచి వేసి ఊపిరి ఆగే దాకా తేవచ్చు, లేదా పడిందిలే అనుకుని వదిలేసి మళ్లీ ఫిట్స్ చూడొచ్చు. స్లిప్పులో 'బి' గడి కింద 'మందు, మోతాదు, టైము' అని మూడు చిన్న గళ్లు గీయించండి. మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడైన క్యాల్షియం గ్లూకోనేట్ 1 గ్రాము ఆంబులెన్సులో ఉందో లేదో కూడా అక్కడే టిక్ పెట్టాలి.

కార్డులు ఎ5 సైజులో, ఒకవైపు ఐఎస్‌బార్, వెనకవైపు రీడ్‌బ్యాక్ గడి, ఫారెన్‌హీట్ పట్టిక అచ్చు వేయించి లామినేట్ చేయించండి. ఫైల్లో కాదు, ల్యాండ్‌లైన్ పక్కన తాడు కట్టి వేలాడదీయండి. మొదటి నెల వారానికి పది ఫోన్లు పక్కన నిలబడి వినండి. రెండే చూడండి: 'చేయనా?' అన్న మాట వచ్చిందా, అంకె తిరిగి చదివారా. మిగతా అక్షరాలకు అప్పుడే మార్కులు వేయొద్దు.